ఎముకల గట్టిదనం – పాడి ఇళ్ళవారు తెలుసుకోవలసిన సంగతులు



ఈ పుటలలో నేను సాధారణంగా రాసేది పాస్‌బుక్కుల గురించి, నిల్వల తేడాల గురించి, మహాజన సభ నోటీసుల గురించి. ఈసారి ఎముకల గురించి రాస్తున్నాను. సహకార ఇన్‌స్పెక్టరుకు వైద్యంతో ఏం పని అని కొందరు అడుగుతారు. నేను డాక్టరును కాను, సహకార డిప్లొమా చదివినవాడిని. ఇక్కడ రాసిన సంగతులు పుస్తకాలు చూసి, మన పశువైద్యుణ్ణీ పట్నంలో ఒక ఎముకల డాక్టరు గారినీ అడిగి తెలుసుకొన్నవి. అడిగి తెలుసుకోవలసిన అవసరం నాకు ఎందుకు కలిగిందో ముందు చెబుతాను.

రెండేళ్ళ క్రితం ఒక సంఘం తనిఖీకి వెళ్ళాను. పాస్‌బుక్కులు తిరగేస్తుంటే ఒక సభ్యురాలి పుస్తకం నన్ను ఆకట్టుకొంది. మూడు పాడి గేదెలు. ఉదయం 7 లీటర్లు, సాయంత్రం 5 లీటర్లు. పండుగ రోజు కూడా పాలు తగ్గలేదు. వెన్న శాతం ఏడుకు తగ్గలేదు. ఆమెను పిలిపించి, "ఇంటికి ఏ మాత్రం ఉంచుకొంటారమ్మా?" అని అడిగాను. "టీకి ఒక గ్లాసు ఉంచుతాం సారూ, మిగిలినవన్నీ కేంద్రానికే" అంది. నేను సంతోషించాను. ఆ ఏడు మహాజన సభలో ఆమె పాస్‌బుక్కు చేతిలో పట్టుకొని, సభ్యులందరూ ఇలా ఉండాలని మాట్లాడాను కూడా.

మరుసటి తనిఖీకి వెళ్ళేసరికి పాలు ఆమె భర్త పోస్తున్నాడు. పేడ తట్ట ఎత్తుతుండగా ఆమెకు నడుం దగ్గర కలుక్కుమన్నదట. నడుం పట్టిందనుకొన్నారు. ఊళ్ళో ఇచ్చిన మాత్రలు వేసుకొంటే నొప్పి తగ్గేది, మానితే తిరగబెట్టేది. అలా పది నెలలు గడిచాయి. చివరకు పట్నం తీసుకువెళ్ళి ఎక్స్‌రే తీయిస్తే వెన్నెముకలో రెండు పూసలు నలిగి కుంగిపోయి ఉన్నాయి. వయస్సు 54. తట్ట ఎత్తినందుకే పూస నలగడమేమిటని నేను డాక్టరు గారిని అడిగాను. "తట్ట బరువు కాదండీ, ఎముక గుల్లబారింది" అన్నారు ఆయన.

మహాజన సభలో నేను మెచ్చుకొన్న ఆ పాస్‌బుక్కు అప్పుడు నాకు గుర్తుకు వచ్చింది.

ఎముకలో ఖనిజం అంటే ఏమిటి?

ఎముక రాయి వంటిది కాదు, ప్రాణమున్న పదార్థం. లోపల మాంసకృత్తులతో అల్లిన వల వంటిది ఉంటుంది. దానిమీద కాల్షియం, భాస్వరం కలిసిన ఖనిజం పేరుకొని గట్టిపడుతుంది. వల సాగే గుణాన్ని ఇస్తే ఖనిజం గట్టిదనాన్ని ఇస్తుంది. మన ఒంట్లో ఉన్న కాల్షియంలో నూటికి 99 పాళ్ళు ఎముకలలోనూ పళ్ళలోనూ ఉంటుంది. మిగిలిన ఒక్క పాలు రక్తంలోనూ కండలలోనూ ఉంటుంది. గుండె కొట్టుకోవడానికి, కండ ముడుచుకోవడానికి ఆ ఒక్క పాలే ఆధారం. కనుక రక్తంలో కాల్షియం తగ్గడాన్ని శరీరం సహించదు. తిండిలో రాకపోతే ఎముకలోనుంచి తీసుకొని రక్తంలో వేస్తుంది.

ఇది మన సభ్యులకు కొత్త సంగతి కాదు. ఎక్కువ పాలిచ్చే ఆవుగాని గేదెగాని ఈనిన రెండు మూడు రోజులలో మెడ పక్కకు తిప్పుకొని కూలబడిపోవడం మీరు చూసే ఉంటారు. దానినే పాలజ్వరం అంటాం. పేరుకు జ్వరమే గాని చెవులు, ఒళ్ళు చల్లబడిపోతాయి. పాలలోకి ఒక్కసారిగా కాల్షియం పోతుంది. ఎముకలనుంచి అంత వేగంగా రాదు. డాక్టరు వచ్చి నరంలోకి కాల్షియం ఎక్కిస్తే కాసేపట్లో పశువు లేచి నిలబడుతుంది. అందుకే దాణాలో ఖనిజ లవణ మిశ్రమం కలపమని చెబుతాం, మీరూ కొని కలుపుతున్నారు. మనుషులలో ఇలా ఉన్నపళాన కూలబడడం ఉండదు. ఎముకలోనుంచి కొద్దికొద్దిగా ఏళ్ళ తరబడి పోతుంది. నొప్పి ఉండదు కాబట్టి ఎవరికీ తెలియదు.

సంఘం లెక్కల భాషలో చెప్పాలంటే ఎముక మన రిజర్వు ఫండు వంటిది. పుట్టినప్పటినుంచి పాతికేళ్ళు, మహా అయితే ముప్పై ఏళ్ళ వరకు దానిలో జమ పడుతుంది. అందులోనూ పదేళ్ళనుంచి ఇరవై ఏళ్ళ లోపు పడే జమ చాలా పెద్దది. ఆ తర్వాత కొంతకాలం జమకు ఖర్చు సరిపోతుంది. నలభై దాటాక ఖర్చే ఎక్కువ. స్త్రీలకు ముట్లుడిగిన తర్వాత అయిదారేళ్ళపాటు ఆ ఖర్చు మరీ వేగంగా సాగుతుంది, ఎముకను కాపాడే హార్మోను తగ్గిపోతుంది కాబట్టి. జమ పడే వయస్సులో ఎంత పడిందన్నది ముఖ్యం. పెద్దతనంలో చేయగలిగింది చాలావరకు ఖర్చు తగ్గించడమే.

కొలత ఎలా?

ఖనిజ సాంద్రతను కొలిచే యంత్రాన్ని డెక్సా అంటారు. కొద్దిపాటి ఎక్స్‌రే కిరణాలతో తుంటి ఎముకనూ నడుం పూసలనూ కొలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న యౌవనవంతుల సగటుతో పోల్చి అంకె ఇస్తుంది. మైనస్ 1 వరకు ఫరవాలేదు. మైనస్ 1 కి, మైనస్ 2.5 కి మధ్య ఉంటే పలచబడినట్లు. మైనస్ 2.5 గాని అంతకంటె దిగువ గాని అయితే గుల్లబారినట్లు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన కొలమానం. ఈ యంత్రాలు పెద్ద పట్టణాలలోనే ఉంటాయి. అందరూ పరిగెత్తుకు వెళ్ళి తీయించుకోవలసిన పని లేదు. ఎవరికి అవసరమో డాక్టరు చెబుతారు.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. మడమ యంత్రంలో పెట్టి చూసే ఉచిత శిబిరాలు అప్పుడప్పుడు పల్లెలకు వస్తుంటాయి. ఒక సంఘం ఆఫీసు వరండాలోనే అటువంటిది జరిగింది. వచ్చినవారిలో చాలామందికి ఎముకలు బలహీనమని చెప్పి పొడి డబ్బాలు అమ్మి వెళ్ళారు. మడమ పరీక్ష డెక్సాకు బదులు కాదు. దానిని చూసి మందులు కొనవద్దు. సంఘం ఆవరణ ఇటువంటివాటికి ఇవ్వవద్దని కార్యదర్శులకు నా మనవి.

అంకె ఒక్కటే సర్వస్వం కాదు. మన లాక్టోమీటరు సంగతి చూడండి. నీళ్ళు కలిపితే రీడింగు పడిపోతుంది. నీళ్ళు కలిపినవాడే చక్కెర కూడా కలిపితే రీడింగు సరిగానే కనబడుతుంది, పాలు మాత్రం మంచివి కావు. ఎముకలకూ ఇలాంటిది ఒకటి ఉంది, అది మన నేలమీదే ఉంది. కనిగిరి, పొదిలి ప్రాంతాలలోనూ నల్లగొండ జిల్లాలోనూ బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. మన దేశంలో ఈ జబ్బు మొట్టమొదట శాస్త్రపత్రికకు ఎక్కింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని ఈ కనిగిరి, పొదిలి ప్రాంతాలవారిని చూసే. ఫ్లోరైడు చేరిన ఎముక ఎక్స్‌రేలో దట్టంగా, తెల్లగా కనబడుతుంది. సాంద్రత ఎక్కువగా ఉన్నా ఆ ఎముక పెళుసు. వెన్ను బిగుసుకుపోతుంది, మెడ తిరగదు. తిండిలో కాల్షియం తక్కువైన పిల్లలకు ఇదే ఫ్లోరైడు మరింత హాని చేస్తుంది. నల్లగొండ పల్లెలలో మోకాళ్ళు రాసుకొనేలా కాళ్ళు వంకరపోయిన పిల్లల సంగతిని 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు బయటపెట్టారు. ఇప్పుడు చాలా ఊళ్ళకు కృష్ణ నీళ్ళు వస్తున్నాయి. కుళాయి నీళ్ళు రాని రోజున పాత బోరునీళ్ళు తాగే అలవాటు మాత్రం ఇంకా పోలేదు. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాముకు మించకుండా ఉంటే మంచిది. వేరే నీరు దొరకనప్పుడే ఒకటిన్నర వరకు ఒప్పుకొంటారు.

మన స్త్రీల ఎముకలు

హైదరాబాదులో పేద కుటుంబాలకు చెందిన 30–60 ఏళ్ళ స్త్రీలను జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2005లో ఫలితాలు ప్రకటించారు. వారి ఎముకల సాంద్రత సంపన్న దేశాల స్త్రీలకంటె బాగా తక్కువ. రోజుకు వారు తింటున్న కాల్షియం సగటున 270 మిల్లీగ్రాములు. కావలసింది, 2020లో అదే సంస్థ సవరించిన లెక్క ప్రకారం, పెద్దవారికి 1000 మిల్లీగ్రాములు. పాలిచ్చే తల్లులకు, ముట్లుడిగిన స్త్రీలకు 1200. అంటే కావలసినదానిలో మూడో వంతు కూడా అందడం లేదన్నమాట. వారు పట్నంలో పాలు కొనుక్కోవలసిన పేదలు. మన సభ్యురాళ్ళు పాలు పితికేవారు. ఇద్దరి కంచాలూ ఒకేలా ఉండడం నాకు మింగుడుపడని సంగతి.

అన్నంలో కాల్షియం లేదనే చెప్పాలి. 100 గ్రాముల బియ్యంలో 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. అదే 100 గ్రాముల రాగులలో సుమారు 350 ఉంటుంది. రాగులను మీ వైపు తైదలంటారో చోళ్ళంటారో, పేరేదైనా గింజ అదే. జొన్న, సజ్జ తినే రోజులలో రాగి సంకటి కూడా ఉండేది. ఇప్పుడు మూడు పూటలా వరి అన్నం అయింది. నువ్వులు, మునగాకు, కరివేపాకు, తోటకూర కాల్షియం బాగా ఉన్నవే. అయితే కరివేపాకును ఏరి పారేస్తాం. పాలకూరలో కాల్షియం ఉన్నా ఒంటికి పట్టేది తక్కువ.

పాలలో 100 మిల్లీలీటర్లకు సుమారు 120 మిల్లీగ్రాములు ఉంటుంది. గేదెపాలలో తరచు అంతకంటె ఎక్కువే. అంటే పెద్ద గ్లాసుడు, పావు లీటరు, 300 ఇస్తుంది. కాచినా పోదు. మన సభ్యులు ముఖ్యంగా గమనించవలసినది ఇది: కాల్షియం వెన్నలో ఉండదు, ఎస్.ఎన్.ఎఫ్.లో ఉంటుంది. నెయ్యిలో కాల్షియం లేదు. వెన్న తీసిన మజ్జిగలో మొత్తం నిలిచి ఉంటుంది. నెయ్యి కొడుక్కీ మజ్జిగ కోడలికీ అనే ఇళ్ళలో, ఎముకల లెక్కన చూస్తే కోడలే లాభపడింది. అయితే ఆ మజ్జిగ చిక్కగా ఉండాలి. చెంబెడు పెరుగుకు బిందెడు నీళ్ళు పోస్తే అది నీళ్ళ లెక్కే. పాలు పడక కడుపు ఉబ్బరించేవారికి పెరుగు, మజ్జిగ సాధారణంగా పడతాయి.

పాలు ఒక్కటి చాలునా?

చాలవు. పాల సంఘాల పత్రికలో ఇలా రాయడం కొందరికి నచ్చకపోవచ్చు, కాని నిజం చెప్పాలి. స్వీడన్, నార్వే దేశాలవారు మనకంటె ఎన్నో రెట్లు పాలు తాగుతారు. తుంటి ఎముక విరిగేవారూ అక్కడ చాలా ఎక్కువే. ఎముకకు కాల్షియం ఇటుకల వంటిది. ఇటుకలు తెచ్చి పోసినంత మాత్రాన గోడ లేవదు.

పని కావాలి. హైదరాబాదు చుట్టుపక్కల పల్లెలలో పుట్టి పెరిగిన యువతీ యువకులను ఏళ్ళ తరబడి గమనించిన ఒక పెద్ద అధ్యయనం 2014లో వెలువడింది. చిన్ననాటి తిండికంటె ప్రస్తుతం ఒంట్లో ఉన్న కండ, ఒంటి బరువు కాళ్ళమీద పడేలా చేసే పని, ఈ రెండే ఎముక గట్టిదనాన్ని ఎక్కువగా నిర్ణయిస్తున్నాయని తేలింది. గడ్డి మోపు ఎత్తి నడిచే పిల్లకు ఆ పనే ఎముకకు మేలు చేస్తోంది. ఇంటర్ చదివే పిల్ల బస్సెక్కి, కూర్చొని, తిరిగి బస్సు దిగుతుంది. ఆ పిల్లకు ఆటలు కావాలి. ఆడపిల్లలకు ఆటలేమిటి అనే పెద్దలకు ఇంతకు మించి చెప్పలేను.

ఎండ కావాలి. పేగులలో కాల్షియం ఒంటికి పట్టాలంటే డి విటమిన్ ఉండాలి. అది చర్మంమీద ఎండ పడితే తయారవుతుంది. మన ఇంటి పాలలో అది స్వల్పం. ప్యాకెట్ పాలమీద ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటే డెయిరీలో ఎ, డి విటమిన్లు కలిపారని అర్థం. ఎండలో పనిచేసేవారికి లోటుండదని నేననుకొనేవాణ్ణి. తిరుపతి వైద్యులు 2007లో ప్రకటించిన పరిశీలనలో పల్లెవారిలోనూ, ముఖ్యంగా స్త్రీలలో, చాలామందికి లోటు కనబడింది. తిండిలో కాల్షియం బాగా తక్కువైనప్పుడు ఉన్న డి విటమిన్ త్వరగా ఖర్చయిపోవడం దానికి ఒక కారణమట. పాలు పితికే వేళ ఎండ సరిపోదు. పది గంటలకూ మూడు గంటలకూ మధ్య ఎండ చేతులమీద, కాళ్ళమీద కొంతసేపు పడాలి.

ఇక ఎముకను తినేసేవి. చుట్ట, బీడీ, సారా ఈ మూడూ ఎముకకు శత్రువులే. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో కాల్షియం పోతుంది. ఆవకాయ మానమని చెప్పే ధైర్యం నాకు లేదు, ముద్ద ముద్దకూ నంజుకోవద్దని మాత్రం అంటాను.

అన్నిటికంటె నన్ను బాధపెట్టేవి రెండు. మొదటిది, నేను పైన చెప్పిన సభ్యురాలు పది నెలలు మింగిన మాత్రలు. అందులో స్టెరాయిడు ఉన్నదని చీటీ చూసి డాక్టరు గారు చెప్పారు. కీళ్ళ నొప్పులకు, ఆయాసానికి పొట్లం కట్టి ఇచ్చే మాత్రలలో ఇది తరచు ఉంటుంది. పూటకే నొప్పి మాయమవుతుంది, ఆకలి పుడుతుంది, ముఖం నిండుగా కనబడుతుంది. నెలల తరబడి వాడితే ఎముకను గుల్ల చేస్తుంది. అది అవసరమయ్యే జబ్బులూ ఉన్నాయి, డాక్టరు చూసి ఇస్తే వేసుకోవలసిందే. చాలాకాలంగా వాడుతున్నవారు ఒక్కసారిగా మానకూడదు, ప్రాణానికే ముప్పు. ఆ చీటీగాని ఖాళీ అట్టగాని తీసుకొని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి.

రెండవది గర్భసంచి ఆపరేషన్. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశం మొత్తంమీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిదిమంది, తెలంగాణలో సుమారు ఎనిమిదిమంది. ముప్పై అయిదేళ్ళకే చేయించుకొన్నవారిని మన సంఘాలలో నేనే ఎందరినో ఎరుగుదును. సంచితోపాటు అండాశయాలను కూడా తీసివేస్తే ఆ రోజే ముట్లుడిగినట్లు. యాభైలో మొదలు కావలసిన ఎముక ఖర్చు ముప్పై అయిదులో మొదలవుతుంది. ఆపరేషన్ తప్పదంటే మరొక డాక్టరును కూడా అడగండి. అండాశయాలు ఉంచుతారా తీస్తారా అని నోరు విడిచి అడగండి. ఇప్పటికే అయినవారు ఆ సంగతి ఎముకల డాక్టరుకు తప్పక చెప్పండి. పైన చెప్పిన సభ్యురాలికి 36వ ఏటనే అయింది.

పడకుండా చూసుకోవడం

గుల్లబారిన ఎముక విరిగేది చాలావరకు పడినప్పుడే. తుంటి విరిగిన ముసలివారిలో అయిదుగురిలో ఒకరు ఏడాది తిరక్కుండానే పోతున్నారని ఇతర దేశాల లెక్కలు చెబుతున్నాయి. మన ఇళ్ళలో పడే చోటు పశువుల చావిడి. తెల్లవారుజామున నాలుగింటికి చీకటి, పేడ, మూత్రం, పాలనురగ. గచ్చు నున్నగా ఉంటే గీతలు గీయించండి. ఒక బల్బు వేయించండి. అరిగిపోయిన చెప్పులు మార్చండి. కళ్ళలో పొర ఉంటే తీయించండి. నలభై లీటర్ల క్యాను ఒంటరిగా ఎత్తవద్దు.

పూసలు కుంగడం మాత్రం పడకపోయినా జరుగుతుంది. అమ్మమ్మ నడుం వంగిపోతే వయస్సు వచ్చిందంటాం. ఒక్కొక్క పూస నలిగినకొద్దీ మనిషి పొట్టి అవుతుంది. యాభై దాటినవారి ఎత్తు తలుపు చెక్కమీద గీత గీసి ఉంచండి. ఏడాదికొకసారి చూడండి. గీతకు తల బాగా దిగువకు వస్తే, లేదా బరువెత్తినప్పుడు పట్టిన నడుంనొప్పి మూడు వారాలకూ పోకపోతే డాక్టరుకు చూపించండి. ఇప్పుడు దీనికి మంచి మందులున్నాయి, మరికొన్ని పూసలు కుంగకుండా ఆపగలవు.

లెక్క చూద్దాం

ఇంటికి రోజూ అర లీటరు ఎక్కువ ఉంచుకొంటే ఏమి నష్టం? లీటరు 50 రూపాయలనుకొంటే రోజుకు 25. పదిహేను రోజుల బిల్లులో 375 తగ్గుతుంది. మూడు గేదెల ఇంటికి ఇది భారం కాదు. ఒకే గేదె ఉండి, దాణా అప్పు బిల్లులో కోత పడుతున్న ఇంటికి ఇది భారమే, కాదనను. అటువంటివారు సాయంత్రం పాలలో పావు లీటరైనా తోడుపెట్టి, ఉదయం రాగి జావలో ఆ మజ్జిగ కలిపి తాగితే పాల కాల్షియానికి రాగి కాల్షియం తోడవుతుంది. ఆ ఉంచిన పాలు ఎవరికి అన్నది ఇంకా ముఖ్యం. మన ఇళ్ళలో ముందు యజమాని టీకి, తర్వాత కొడుకు గ్లాసుకు, మిగిలితే మిగతావారికి. ఎముక లెక్క ప్రకారం మొదటి గ్లాసు పదేళ్ళనుంచి ఇరవై ఏళ్ళ లోపు పిల్లలది. ఆడపిల్లా మగపిల్లవాడా అన్న తేడా అందులో లేదు. రెండవది చూలింతకు, బాలింతకు. మూడవది నలభై అయిదు దాటిన ఇల్లాలికి.

ఎక్కువ పాలు పోయండి అని చెప్పడం నా ఉద్యోగం. ఇప్పటికీ చెబుతాను. అయితే ఈ ఏడాదినుంచి తనిఖీలో పాస్‌బుక్కు చూసేటప్పుడు ఇంటికి ఎన్ని ఉంచారని అడిగి, నా నోటుపుస్తకంలో పక్కన రాసుకొంటున్నాను. ఫారంలో దానికి గడి లేదు. ఆ సభ్యురాలు మందులు వాడుతోంది, నొప్పి చాలావరకు తగ్గింది, పాలు పితుకుతోంది గాని తట్ట ఎత్తడం లేదు. ఆమె పాస్‌బుక్కులో ఇప్పుడు సాయంత్రం నాలుగు లీటర్లే పడుతున్నాయి. ఎందుకు తగ్గాయని కొత్తగా వచ్చిన టెస్టరు అడిగితే, "ఇనిస్పెక్టరు గారినే అడుగు నాయనా" అన్నదట.